యాక్టివిటీస్ పేజీలో "నిల్" అని రాయకండి

పోస్ట్ పెద్దది. సిగ్నల్ ఉన్నప్పుడు సేవ్ చేసుకుని నిదానంగా చదవండి. ఇంటర్ చదువుతున్నవాళ్ళు తప్పకుండా చదవండి, టెన్త్ వాళ్ళు ఇంకా ముందు చదవండి.

పోయిన సీజన్‌లో మన గ్రూపు నుంచి కొందరు బయటి యూనివర్సిటీలకు అప్లై చేస్తూ, ఫారాలు ఒకసారి చూసిపెట్టమని మాకు పంపారు. మేము అంటే హాస్టళ్ళలో, ఆశ్రమ పాఠశాలల్లో చదివి బయటపడిన ఐదారుగురం, అంతే. పెద్ద ఎక్స్‌పర్టులం కాదు. ఫారాలు చూస్తే మార్కుల పేజీ చక్కగా నింపారు. క్యాస్ట్ సర్టిఫికెట్ నంబరు, ఇన్‌కమ్ సర్టిఫికెట్ నంబరు రెండుసార్లు సరిచూసుకుని మరీ వేశారు. యాక్టివిటీస్ పేజీకి వచ్చేసరికి మాత్రం దాదాపు అందరిదీ ఒకటే మాట. "నిల్". ఒకరు "నాట్ అప్లికబుల్" అన్నారు. ఒక తమ్ముడు "పుస్తకాలు చదవడం, క్రికెట్ చూడటం" అని రాశాడు. పాడేరు వైపు చెల్లి ఒకామె ఆ పేజీ మొత్తం ఖాళీగా వదిలేసి మాకు మెసేజ్ పెట్టింది: "అన్నా, నేను ఏమీ చేయలేదు కదా, ఏం రాయాలి?"

ఫోన్ చేశాం. గంటన్నర మాట్లాడాం. వాళ్ళ అవ్వకు కువి తప్ప వేరే మాట రాదు. సెలవులకు ఇంటికి వస్తే సంతకు అవ్వతో ఈమే వెళ్తుంది. పసుపు, రాజ్‌మా, మిరియాలు ఏది అమ్మినా బేరం ఈమెదే, తూకం చూసేది ఈమే. వాళ్ళింటికే కాదు, పక్కనున్న నాలుగు ఇళ్ళ పెద్దవాళ్ళకీ ఈమే నోరు. ఆస్పత్రికి పోతే డాక్టరు చెప్పింది కువిలో చెప్పి, ఏ మాత్ర పొద్దున, ఏది రాత్రి అని చీటీల మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలేసి ఇస్తుంది. సంక్రాంతికి కాఫీ పండ్లు కోస్తుంది, ఎండబెడుతుంది. హాస్టల్లో రెండేళ్ళు మెస్ కమిటీలో ఉంది. ఆరో తరగతిలో కొత్తగా చేరి రాత్రిళ్ళు ఏడ్చే పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకునేది కూడా ఈమే.

ఇదంతా విన్నాక మేము ఫోన్‌లో కాసేపు ఏం మాట్లాడలేదు. "మరి ఏమీ చేయలేదు అన్నావు కదమ్మా" అంటే, "అది పని అన్నా, యాక్టివిటీ కాదు కదా" అంది.

ఈ పోస్ట్ రాయడానికి కారణం ఆ ఒక్క మాటే.

ముందు ఒక సంగతి ఒప్పుకుందాం. మనలో ఎక్కువమందికి ఈ పేజీ ఎప్పటికీ ఎదురుపడదు. ఈఏపీసెట్, జేఈఈ, నీట్, సీయూఈటీ వీటిలో ర్యాంకు, రిజర్వేషన్, కౌన్సెలింగ్. నువ్వు సంతలో ఏం చేశావని ఎవరూ అడగరు. అందుకే మన లెక్చరర్లు కూడా ఎప్పుడూ చెప్పలేదు, వాళ్ళను తప్పు పట్టలేం. మాలో ఒక అన్న ఇప్పటికీ అదే అంటాడు: "ర్యాంకు తెచ్చుకోమని చెప్పండ్రా, ఈ సోది అంతా ఎందుకు." ఇంజనీరింగ్ లేదా మెడిసిన్ అనుకున్నవాళ్ళకు ఆయన మాటే కరెక్టు. వాళ్ళు ఇక్కడితో ఆపేసి చదువుకోవడానికి వెళ్ళిపోవచ్చు.

కానీ ఇంకో దారి ఉంది, ఆ దారిలో మనవాళ్ళు బాగా తక్కువ. సోనీపత్‌లో అశోకా యూనివర్సిటీ ఉంది. బెంగళూరు, భోపాల్‌లో అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ ఉంది. టెన్త్ తర్వాత వెళ్ళే యునైటెడ్ వరల్డ్ కాలేజీలు ఉన్నాయి, వాటిలో ఒకటి పుణె దగ్గరే. ఇంకా దూరం చూస్తే అమెరికాలో డిగ్రీ. ఇలాంటి చోట్ల మార్కులో ఎంట్రన్సో ఒక్కటే చూడరు. ఫారంలోనో ఇంటర్వ్యూలోనో "నువ్వెవరు, చదువు కాక ఏం చేశావు" అని అడుగుతారు. వీటిలో ఫీజులు మన ఊళ్ళో చెబితే నమ్మరు, అంత ఎక్కువ. కుటుంబ ఆదాయాన్ని చూసి ఇచ్చే స్కాలర్‌షిప్ లేకపోతే మనకు ఆ గేటు లేనట్టే. ముందు సీటు రావాలి, ఆ తర్వాతే స్కాలర్‌షిప్. ఆ సీటు ఇవ్వాలా వద్దా అని చూసేటప్పుడు వాళ్ళ చేతిలో ఉండే కాగితాల్లో ఈ యాక్టివిటీస్ పేజీ ఒకటి. అక్కడ మనం "నిల్" అని రాసి పంపుతున్నాం. డిగ్రీ తర్వాత ఎస్టీల కోసం కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌తో బయటకు పోదామనుకునే వాళ్ళు కూడా అడ్మిషన్ కోసం ఆ యూనివర్సిటీలకు ఇలాంటి కాగితమే పంపాలి. ఈ రోజు రాయడం నేర్చుకుంటే అప్పుడు పనికొస్తుంది.

"మనకు చెప్పుకోవడానికి పూర్ణ ఉంది కదా" అంటారు కొందరు. ఉంది. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. అదే రోజు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ గురుకులం పిల్లలే. ఆ ఫోటో మన హాస్టల్ గోడ మీద ఉండేది, చూసి గర్వపడ్డాం. కానీ ఆ ఫోటో వల్ల మనకు తెలియకుండానే ఒక లెక్క మనసులో పడిపోయిందేమో అని మాకు అనుమానం. యాక్టివిటీ అంటే ఎవరెస్ట్ అంత ఉండాలి, పేపర్లో పడాలి, కలెక్టర్ గారు శాలువా కప్పాలి. లేకపోతే నిల్. మధ్యలో ఇంకేమీ లేనట్టు.

సిటీ పిల్లల ఫారాలు చూస్తే ఆ భయం ఇంకా పెరుగుతుంది. పియానో గ్రేడ్ ఫైవ్, డిబేట్ క్లబ్ ప్రెసిడెంట్, మోడల్ యునైటెడ్ నేషన్స్, వేసవిలో రెండు వారాలు "పల్లె సేవ". ఆ చివరిది చదివి మేము నవ్వుకున్నాం. వాళ్ళు రెండు వారాలు వచ్చి వెళ్ళిన పల్లె మనది. మనం పుట్టినప్పటి నుంచి అక్కడే ఉన్నాం. వాళ్ళది యాక్టివిటీ అయితే మనది ఎందుకు కాదో చెప్పండి. వాళ్ళను తిట్టడం కోసం కాదు ఈ మాట. వాళ్ళకు రాసుకోవడం నేర్పినవాళ్ళు ఉన్నారు, మనకు లేరు. అంతే తేడా.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అమెరికా కాలేజీలకు వాడే కామన్ యాప్‌లో యాక్టివిటీ ఏ రకం అని ఎంచుకునే పట్టీ ఉంటుంది. అందులో ఆటలు, సంగీతం, డిబేట్‌తో పాటు "కుటుంబ బాధ్యతలు" అని ఒకటి, "జీతానికి చేసిన పని" అని ఒకటి విడిగా ఉన్నాయి. అంటే ఫారం తయారుచేసినవాళ్ళే అడుగుతున్నారు: ఇంట్లో తమ్ముణ్ణి సాకావా, పొలం చూశావా, కూలికి పోయావా, చెప్పు అని. అడిగినవాళ్ళకు సిగ్గు లేనప్పుడు చెప్పేవాళ్ళకు ఎందుకు?

ఒక తమ్ముడు భయపడ్డాడు, కూలి పని రాస్తే బాల కార్మికుడు అనుకుని మా నాన్న మీద కేసు పెడతారేమో అని. ఉత్తినే వచ్చిన భయం కాదు, మన ఊళ్ళకు ఏ జీపు వచ్చినా ముందు భయమే కదా. సొంత కుటుంబం పనిలో బడి అయ్యాక, సెలవుల్లో చేసే సాయాన్ని 2016లో సవరించిన బాల కార్మిక చట్టం తప్పనలేదు, ప్రమాదకరమైన పని కాకుంటే చాలు. తునికాకు కోసినందుకు, మేకలు కాసినందుకు ఎవరూ మీ నాన్న మీదికి రారు. రాయండి.

సరే, ఎలా రాయాలి. ఇక్కడే మనవాళ్ళు రెండో తప్పు చేస్తారు. మొదటి తప్పు ఏమీ రాయకపోవడం, రెండోది ఉన్నదంతా ఒక వ్యాసంలా రాసేయడం. "నేను మారుమూల గిరిజన గ్రామంలో నిరుపేద కుటుంబంలో జన్మించాను" అని మొదలుపెట్టి పేజీన్నర. అది ఎస్సేలో రాసుకోండి, యాక్టివిటీస్‌లో కాదు. ఇక్కడ చోటు తక్కువ. కామన్ యాప్‌లో మొత్తం 10 యాక్టివిటీలు మాత్రమే ఇవ్వొచ్చు. ఒక్కోదానికి నీ హోదా 50 అక్షరాల్లో, సంస్థ పేరు 100 అక్షరాల్లో, ఏం చేశావన్నది 150 అక్షరాల్లో. అక్షరాలంటే స్పేస్, కామా, చుక్క అన్నీ కలిపి లెక్క. ఇంగ్లీషులో ఇరవై, ఇరవై ఐదు మాటలు వస్తాయి. పది గడులూ నింపాలని రూల్ లేదు. ఐదు గట్టివి ఉంటే పది డొల్లవాటి కన్నా మేలు.

ఆ పాడేరు చెల్లి మొదట పంపింది ఇలా ఉంది: "నేను మా కుటుంబానికి అన్ని పనుల్లో సాయం చేస్తాను. సేవ చేయడం నాకు ఇష్టం." ఇది చదివిన మనిషికి ఏం కనబడుతుంది? ఏమీ కనబడదు. తర్వాత మేమందరం కూర్చుని ఇలా మార్చాం (తెలుగులో చెప్తున్నాం, ఫారంలో ఇంగ్లీషు). హోదా దగ్గర: "కువి–తెలుగు అనువాదకురాలు". సంస్థ దగ్గర: "మా కుటుంబం, మా ఊరు". పని దగ్గర: "సంత, ఆస్పత్రి, బ్యాంకుల్లో ఐదు ఇళ్ళ పెద్దలకు మాట మార్చి చెప్తాను, తూకం, బిల్లు సరిచూస్తాను, చదువురాని వాళ్ళకు బొమ్మలతో మందుల చీటీలు."

గమనించండి, "సేవ", "ఇష్టం", "కష్టపడి" అన్న మాటలు ఒక్కటీ లేవు. చేసిన పని ఉంది, ఎంతమందికో ఉంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు "నేను" అన్న మాట అవసరం లేదు, పని చెప్పే మాటతో నేరుగా మొదలుపెట్టండి. ఇప్పటికీ చేస్తున్న పనికి వర్తమానం, ఆపేసిన పనికి భూతకాలం. ఒకే వరసలో రెండూ కలిపేస్తే చదివేవాళ్ళకు చిరాకు.

గంటల లెక్క దగ్గర అందరూ తడబడతారు. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. ఒక తమ్ముడు అన్నిటికీ "వారానికి 20 గంటలు, ఏడాదికి 52 వారాలు" వేశాడు. ఏడు యాక్టివిటీలు, ఏడిళ్ళు 140 గంటలు. వారంలో ఉన్నవే 168 గంటలు. మిగిలిన 28 గంటల్లో చదువు, నిద్ర, స్నానం, మెస్ లైను! చూసేవాళ్ళు ఈ కూడిక వేస్తారు, అనుమానం లేదు. హాస్టల్లో ఉండేవాళ్ళకు లెక్క తేలిక. దసరా, సంక్రాంతి, వేసవి కలిపి ఇంట్లో ఉండేది పది వారాలు అనుకోండి. సంత పని, ఆస్పత్రి పని కలిపి ఆ వారాల్లో వారానికి ఆరు గంటలు. అంతే వేయండి: 6 గంటలు, 10 వారాలు. చిన్నగా కనబడుతుందని పెంచకండి. చిన్న అంకె నిజంగా కనబడుతుంది. తరగతి అడిగే చోట ఇంటర్ ఫస్టియర్ అంటే 11, సెకండియర్ అంటే 12.

చర్ల వైపు తమ్ముడిది ఇంకో కథ. తునికాకు సీజన్‌లో ఇంటిల్లిపాదీ అడవికి పోతారు, ఈయనా పోతాడు. అది రాశాడు, బాగుంది. కానీ అసలు సంగతి అడగ్గా అడగ్గా బయటపడింది. కట్టకు 50 ఆకులు, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు అని మనకందరికీ తెలుసు. కల్లం దగ్గర కల్లేదారు రాసుకున్న లెక్కకూ వీళ్ళు తెచ్చిన కట్టలకూ ప్రతి ఏడాదీ తేడా వచ్చేదట. ఈయన తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టి, రోజూ ఎవరింటివి ఎన్ని కట్టలో అక్కడే రాసి, కల్లేదారుతోనూ అందులో సంతకం పెట్టించడం మొదలుపెట్టాడు. మొదట వాళ్ళింటికి, తర్వాత వాడకంతా. ఇప్పుడు ఆయన లేకపోయినా చెల్లెలు రాస్తోంది. "ఇది ఎందుకు చెప్పలేదురా" అంటే "ఇది చిన్న నోట్‌బుక్కే కదా" అన్నాడు. కొన్ని కంపెనీలు ఈ పనికి మనిషిని పెట్టి జీతం ఇస్తాయి. వరసలో మొదట ఇదే పెట్టాం, ఆకు కోయడం దాని కిందకు పోయింది. వరస అంటే ఏది ముందు చేశావో అది ముందు అని కాదు. ఏది చదివితే నువ్వు తెలుస్తావో అది ముందు.

ఇలాంటివి ప్రతి ఇంట్లో ఉన్నాయి, తవ్వాలి. అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాకు దరఖాస్తు పెట్టినప్పుడు నాన్నకు ఫారం నింపింది ఎవరు? ఊళ్ళో చదువుకున్న పిల్లే నింపింది. గ్రామసభలో తీర్మానం చదివి వినిపించింది ఎవరు? ఇప్పపువ్వు కాలంలో తెల్లారకముందే చెట్ల కింద ఏరి, ఎండబెట్టి, జీసీసీ డిపోకు మోసింది ఎవరు? ఊళ్ళో టవర్ లేకపోతే కొండెక్కి అందరి ఫోన్లలో పెన్షన్ పడిందా అని చూసి వచ్చేది ఎవరు? గుంజాల గోండి లిపి నేర్చుకున్న పిల్లలు ఆదిలాబాద్ వైపు ఉన్నారు. ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది, అంటే ఇక కంప్యూటర్‌లో రాయొచ్చు. తమ్ముడికో చెల్లికో ఆ అక్షరాలు నేర్పినవాళ్ళు అది రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

ఆటపాటల గురించి ఒక మాట. "ఫోక్ డ్యాన్స్" అని రాయకండి. థింసా అయితే థింసా అని, గుస్సాడీ అయితే గుస్సాడీ అని, కొమ్ము నృత్యం అయితే ఆ పేరే రాసి, పక్కన రెండు మాటల్లో అదేమిటో చెప్పండి. మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. దేశం పేరు పెట్టి పిలిచిన దాన్ని మనం "ఫోక్" అని దాచడం బాగోదు.

అయితే ఇక్కడే మాలో మాకు గట్టి గొడవ జరిగింది, అది కూడా చెప్పాలి. మాలో ఒక అక్క అంది: "మన పండగల్ని, దేవుళ్ళని సీటు కోసం అమ్ముకుంటామా? పాయింట్లు వస్తాయని దండారీలో ఆడామా మనం?" ఆమె మాటలో నిజం ఉంది. చాలాసేపు వాదించుకుని మేము అనుకున్నది ఇది. నువ్వు నేర్చుకున్న ఆట, నీ కాళ్ళ చెమట నీది, రాసుకో. పెద్దలు బయటివాళ్ళకు చెప్పవద్దన్న పూజ, ఆచారం మాత్రం నీ ఒక్కడిది కాదు, అది పేజీ మీదకు రాకూడదు. అనుమానం ఉంటే పెద్దల్ని అడుగు. అక్క పూర్తిగా ఒప్పుకోలేదు, ఈ పోస్ట్ కింద కామెంట్‌లో తన మాట తనే రాస్తుంది, చదవండి.

దీనికి చెల్లెలు లాంటిదే ఇంకొకటి, కన్నీళ్ళు అమ్మడం. డోలీలో మోసుకుపోయిన కథ, అన్నం లేక పడుకున్న రాత్రి ఇవన్నీ నిజాలే, మనవే. కానీ యాక్టివిటీ అంటే నీకు జరిగింది కాదు, నువ్వు చేసింది. డోలీ మోసినవాళ్ళలో నువ్వున్నావా, ఎన్ని కిలోమీటర్లు, ఎన్నిసార్లు, అది రాయి. జాలి పుట్టించడానికి రాసిన వాక్యం, చదివే మనిషి మన కన్నా పైన కూర్చున్నట్టు చేస్తుంది. మేము అలా కూర్చోబెట్టదలుచుకోలేదు.

ఇక అబద్ధాలు. టౌన్లో డబ్బు తీసుకుని సర్టిఫికెట్లు ఇప్పించేవాళ్ళు తిరుగుతున్నారు. "మా ట్రస్టులో యూత్ ప్రెసిడెంట్‌గా చేశావని లెటర్ ఇస్తాం" అని మన తమ్ముడు ఒకడి దగ్గర కూడా డబ్బు అడిగారు. ఇవ్వకండి. నైతికం సంగతి పక్కన పెట్టినా అది పనిచేయదు. ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలకు గాలి పోతుంది. "ఆ ట్రస్టు ఆఫీసు ఎక్కడ, అక్కడ నీతో ఎవరు పనిచేశారు" అంటే ఏం చెప్తావు? తునికాకు కట్ట గురించి అడిగితే మాత్రం తెల్లారేదాకా చెప్తావు.

కాగితం సంగతులు గబగబా చెప్పేస్తాం. కొన్ని చోట్ల ఫారంలో గడులు ఉండవు, రెజ్యూమే పీడీఎఫ్ అప్‌లోడ్ చేయమంటారు. నెట్ సెంటర్‌కు పోతే అతని దగ్గర ఒకటే నమూనా ఉంటుంది. చుట్టూ పూల బార్డరు, పైన ఫోటో, తండ్రి పేరు, మతం, పెళ్ళి అయిందా లేదా, చివర "పై వివరాలన్నీ నిజమని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను" అని ఒక ప్రమాణం, ఊరు, తేదీ, సంతకం. అదంతా ఉద్యోగ దరఖాస్తుల పాత అలవాటు, కాలేజీకి అక్కర్లేదు. ఫోన్‌లో గూగుల్ డాక్స్ చాలు. ఒకే పేజీ, ఒకే ఫాంట్, సైజు 11, నలుపు రంగు. పైన పేరు, ఊరు, జిల్లా, ఫోన్, ఈమెయిల్. పేరు టెన్త్ మెమోలో ఎలా ఉందో అలాగే. మన ఇంటిపేర్లను స్కూల్లో చేర్చినప్పుడే తలో రకంగా రాశారు కదా, తప్పు స్పెల్లింగ్ అయినా సరే అన్ని చోట్లా అదే తప్పు ఉండాలి. దిద్దుకోవడం తర్వాత సంగతి. ఈమెయిల్ మాత్రం మార్చండి దయచేసి, "కిల్లర్" అని, "143" అని ఉన్నవి మేము చూశాం.

దాని కింద రెండో మూడో శీర్షికలు: ఇల్లు, ఊరు ఒకటి, స్కూలు, హాస్టలు ఒకటి, ఆట, పాట, భాష ఒకటి. ఒక్కో యాక్టివిటీకి ఒక వరసలో పేరు, హోదా, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, గంటలు. దాని కింద ఒకటి రెండు వాక్యాలు. తేదీలన్నీ కుడి పక్క ఒకే గీతలో ఉంటే చూడటానికి తేలిక. ఐటీడీఏ, జీసీసీ, పీహెచ్‌సీ లాంటి పొట్టి పేర్లు మొదటిసారి విడమర్చి రాయండి. సోనీపత్‌లో కూర్చున్న మనిషికి ఐటీడీఏ అంటే ఏదో కంప్యూటర్ కోర్సు అనుకుంటాడు. పంపేముందు వర్డ్ ఫైలు కాదు, పీడీఎఫ్. ఫైలు పేరు "కొత్త ఫైనల్ 2" కాదు, మీ పేరు.

ఒక మాట మన వార్డెన్ సార్లకు, ప్రిన్సిపాల్ మేడమ్‌లకు కూడా, ఈ గ్రూపులో కొందరున్నారు కాబట్టి. బోనఫైడ్ అడిగితే ఇస్తారు, కండక్ట్ సర్టిఫికెట్ అడిగితే "శాటిస్‌ఫ్యాక్టరీ" అని ఒకే మాట రాసి ఇస్తారు. రెండేళ్ళు మెస్ కమిటీ నడిపిన పిల్లకీ, ఏమీ చేయని పిల్లకీ అదే మాట. మెస్ కమిటీలో ఉందని, ఆరో తరగతి పిల్లలకు రాత్రి స్టడీ అవర్‌లో లెక్కలు చెప్పిందని మూడు వాక్యాలు లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వడానికి జీవో అక్కర్లేదు. సిటీ స్కూళ్ళలో ఈ పనికి కౌన్సెలర్ అని విడిగా మనిషి ఉంటాడు. మన దగ్గర మీరే. పిల్లలు నెల ముందే వచ్చి అడిగితే కసురుకోకండి సార్. పిల్లలూ, మీరు కూడా చివరి రోజు రాత్రి పదింటికి పోయి అడగకండి.

తొమ్మిదో తరగతి వాళ్ళు ఇప్పటి నుంచే ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. నెలకోసారి చాలు: ఏం చేశాను, ఎన్ని రోజులు, ఎవరికి. ఇంటర్ సెకండియర్‌లో గుర్తు చేసుకుందామంటే సగం పోతుంది, పైగా మనకు మన పని కనబడదు అని చూశాం కదా.

పాడేరు చెల్లి సంగతి అడుగుతారు. రెండు చోట్ల వేసింది. ఒక చోట ఇంటర్వ్యూకే పిలవలేదు. రెండో చోట పిలిచారు. ఆమె పేజీ ముందు పెట్టుకుని ఒకరు అడిగారట, "తూకం సరిచూస్తాను అని రాశావు, తక్కెడ తప్పని నీకెలా తెలుస్తుంది?" ఈమె చెప్పింది: "కిలో ఉప్పు ప్యాకెట్ ఒకటి సంచిలో పెట్టుకుని పోతానండి. ముందు దాన్ని తక్కెడలో పెడతాను. కిలో చూపిస్తేనే మా సరుకు దించుతాం." ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఇంటర్వ్యూ అంతా సంత గురించే నడిచిందట. మాకు కూడా ఉప్పు ప్యాకెట్ సంగతి అప్పుడే తెలిసింది, గంటన్నర ఫోన్‌లో అది చెప్పలేదు మాకు. సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ కాగితాలు ఇంకా నడుస్తున్నాయి, ఇన్‌కమ్ సర్టిఫికెట్ మళ్ళీ కొత్తది కావాలన్నారు, దానికోసం ఆఫీసు చుట్టూ తిరుగుతోంది.

ఈ ఏడాది ఫారాలు వేసేవాళ్ళు డ్రాఫ్ట్ ఈ నెలాఖరులోగా పంపండి. చేత్తో రాసి ఫోటో తీసి పంపితే చదవడం కష్టం, వీలైతే టైప్ చేయండి. తెలుగులో పంపినా పర్వాలేదు, ఇంగ్లీషులోకి కలిసి మారుద్దాం. ఖాళీ పేజీ పంపేవాళ్ళు ఫోన్ నంబరు, ఏ టైమ్‌కు సిగ్నల్ ఉంటుందో పెట్టండి, మేమే చేస్తాం.